దొంగ ఊపిరి

ఆపెరా రెండో అంకంలో ఒక పాట ఉంటుంది, దానికి సొర్బెత్తో పాట అని పేరు. పెద్ద గాయని లోపల దుస్తులు మార్చుకుంటూ, గొంతు తడుపుకుంటూ, ఎవరినో ఒకరిని తిడుతూ ఉంటుంది కదా, ఆ ఖాళీలో చిన్న గాయని వచ్చి ఆ పాట పాడి పోవాలి. సరిగ్గా అప్పుడే సొర్బెత్తో, అంటే మంచులో గడ్డకట్టించిన పళ్ళరసం, గిన్నెల్లో దొరలు కూర్చునే బాక్సుల్లోకీ నేలతరగతిలోకీ వస్తుంది. నిమ్మకాయది ఒకటి, పుల్ల చెర్రీది ఒకటి. జనం తింటారు. చెంచాలు గిన్నెలకు తగిలి టింగు టింగుమంటాయి. ఆ పాట ఎవరూ వినరు. వినమని వాళ్ళనెవరూ అడగరు కూడా.

అస్సుంతా బరగొల్లి ఇరవై రెండేళ్ళుగా ఆ పాటలే పాడుతోంది. ఫెర్రారాలో పాడింది, లూగోలో పాడింది, చలికాలమంతా పొగమంచు తప్ప ఇంకేమీ లేని ఊళ్ళలో పాడింది. ఈ ఏడు సముద్రపొడ్డు ఊరు సినిగాలియాలో మద్దలేనా పునీతురాలి తిరునాళ్ళకు పాడుతోంది. నలభై ఒక్క ఏళ్ళు. పొట్టి మనిషి, ముఖం నిండా మశూచి మచ్చలు, గొంతు చూస్తే చిన్నది. అయితే ఆ చిన్న గొంతుతో ఆవిడ చేసే పని ఉందే, అది చెయ్యగలిగినవాళ్ళు ఈ తీరమంతా వెతికినా ముగ్గురు దొరకరు. బొలొన్యాలో పాట నేర్పే ముసలి గురువులు ఆవిడ ఎదురుపడితే టోపీ తీసేవారు. టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని, అందమైన శిష్యురాళ్ళను పెద్ద వేషాలకు పంపేవారు.

ఆ పనేమిటో చెప్తాను. మనిషి గొంతులో రెండు గదులుంటాయి. కింద గది రొమ్ముది, పై గది తలది. మధ్యలో ఒక గడప ఉంటుంది. ఎంతటి గాయనికైనా ఆ గడప దగ్గర కాలు తట్టుకుంటుంది, గొంతు రంగు మారిపోతుంది, విన్నవాడికి ఇద్దరు మనుషులు పాడినట్టుంటుంది. అస్సుంతా పై గదిలోంచి కిందికి దిగివస్తే ఆ గడప ఎక్కడుందో ఆవిడ్ని పుట్టించిన దేవుడు కూడా చెప్పలేడు. తన పాట రెండో చరణంలో అలాంటి దిగుడు ఒకటి స్వయంగా కట్టుకుంది. పద్నాలుగు స్వరాలు. తొమ్మిదేళ్ళపాటు రోజూ పొద్దున్నే కిటికీ మూసుకుని దాన్ని సానబట్టింది. ఏ ఆపెరాలో ఏ చెలికత్తె వేషం ఇచ్చినా ఆ దిగుడును అందులో ఎక్కడో ఒకచోట ఇరికించేది. ఎవరికి తెలుస్తుంది గనక!

ఒక్కసారి, ఒకే ఒక్కసారి, చెంచా చప్పుడు లేకుండా ఆ పాటను మొదటినుంచి చివరిదాకా జనం వినాలి. ఆవిడకున్న కోరిక అదొక్కటే. మొగుడు అక్కర్లేదు, పెద్ద వేషం అక్కర్లేదు. ఇది కూడా అత్యాశే అని ఆవిడకు ఎవరూ చెప్పలేదు.

ఆ ఏటి పెద్ద గాయని క్లెలియా విస్కార్ది. ఇరవై ఆరేళ్ళు, ఎత్తయిన మనిషి, నగరా మోగినట్టు గొంతు. ఈ క్లెలియా అస్సుంతా శిష్యురాలే. బొలొన్యాలో నాలుగు చలికాలాలు ఆవిడ దగ్గర నేర్చుకుంది. నేర్పడంలో అస్సుంతా చెడ్డ మనిషి. క్లెలియా గొంతు గడప దగ్గర తట్టుకున్నప్పుడల్లా మిగతా పిల్లల ముందు నోటితో బండి చప్పుడు చేసి, "అదిగో, మన క్లెలియా బండి మోరీ దాటుతోంది, పక్కకు తప్పుకోండర్రా!" అనేది. పిల్లలు పడీ పడీ నవ్వేవారు. క్లెలియా కూడా నవ్వేది. ఆ తట్టుకోవడం మాత్రం ఆ పిల్లకు పోలేదు. అయినా ఇప్పుడు గోడల మీద పెద్ద అక్షరాల్లో ఆమె పేరుంది, అస్సుంతా పేరు దర్జీవాడి పేరుకు ఒక వరస పైన ఉంది.

మొదటి ఆట రోజు ఎండ మండిపోయింది. సాయంత్రానికి కూడా సముద్రం మీదినుంచి గాలి లేదు. రెండో అంకంలో అస్సుంతా రంగం మీదికి వచ్చేసరికి హాలంతా సొర్బెత్తో మీద పడి ఉంది. నేలతరగతిలో ఎవడో గిన్నె అడుగు గీకుతున్నాడు, పెంకుల మీద పిల్లి గోళ్ళ చప్పుడులాగ. అస్సుంతాకు ఒళ్ళు మండింది. పాట మొదటి స్వరం మీద కాస్త నిలపమని గుర్తు ఉంటుంది. ఆవిడ నిలిపింది. దారమంత సన్నగా మొదలుపెట్టి, పెంచి, నిండుగా పొంగించి, మళ్ళీ దారంగా సన్నం చేసింది. వదల్లేదు. మళ్ళీ పెంచింది. వాద్యాలవాళ్ళు కమానులు ఎత్తి పట్టుకుని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ముందు బాక్సులో ఫుల్జెన్సియో దొర కూర్చున్నాడు. గుర్రప్పందేల మనిషి. చెంచా నోట్లో ఉండగానే గడియారం తీశాడు.

"ఒరేయ్, చూడండ్రా! ఆ పొట్టిది ఊపిరి తీసుకోవడంలేదు!"

"చచ్చిందేమో చూడండి."

"చస్తే ఆ కూత ఎక్కడ్నించి వస్తుందిరా? ఇరవై ఎనిమిది... ముప్పై... ముప్పై నాలుగు!"

చెంచాలు ఒక్కొక్కటే ఆగాయి. హాలంతా నిశ్శబ్దమైపోయింది. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి అస్సుంతాకు తన గొంతు వెనక గోడకు తగిలి తిరిగి రావడం వినపడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముప్పై ఎనిమిదో సెకనుకు స్వరాన్ని వదిలి, ఊపిరి తీసుకుని, పాట అందుకుంది.

ఊపిరి తీసుకుందో లేదో, చెంచాలు మళ్ళీ మొదలయ్యాయి.

మర్నాటికి ఇది ఆటైపోయింది. దొర బాక్సుకూ పక్క బాక్సుకూ పందెం, ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళకు సొర్బెత్తో తినిపించాలి. వారం తిరిగేసరికి నేలతరగతి కూడా పందేల్లో దిగింది. అస్సుంతా రాగానే "వచ్చిందిరోయ్ తిత్తి!" అని కేకలు. కంసాలివాడి కొలిమితిత్తి అన్నమాట, అదే ఆవిడ పేరైంది. స్వరం మొదలైతే చాలు, ఈగ వాలినా వినపడేది. నలభై సెకన్లు, నలభై మూడు, నలభై ఐదు. స్వరం ఆగితే ఈలలు, తిట్లు, నవ్వులు, గెలిచినవాళ్ళ సొర్బెత్తో గిన్నెలు. ఆ గోలలో ఆవిడ పాట పాడుకుని వెళ్ళిపోయేది. ముందు కనీసం చెంచాల చప్పుడులో ఒకటీ అరా మాట వినిపించేది, ఇప్పుడు అదీ లేదు.

రెండో వారంలో ఒకరోజు పొద్దున కంపెనీ యజమాని గాస్పరే ఆవిడ్ని పిలిపించాడు. మనిషి చెడ్డవాడేం కాదు, నాటకశాల నిండితే ప్రతివాణ్ణీ ప్రేమించే రకం.

"అస్సుంతమ్మా, నువ్వు నా పాలిట మద్దలేనా తల్లివి. బాక్సులన్నీ అమ్ముడుపోయాయి. ఒక చిన్న మార్పు చేద్దామని. పాట తీసేద్దాం."

"ఏ పాట?"

"నీ పాటే. స్వరం ఉంచుదాం. స్వరం పట్టు, వదులు, దణ్ణం పెట్టు, లోపలికెళ్ళు. ఆ తర్వాతది ఎవడూ వినట్లేదుగా, నీకెందుకమ్మా శ్రమ?"

అస్సుంతా అతని ముఖంలోకి చూసింది. వేళాకోళం కాదు, పాపం నిజంగా ఆవిడ శ్రమ తగ్గిద్దామనే చూస్తున్నాడు. ఊపిరి తీసుకోనంత సేపే కదా వీళ్ళు నోరు మూసుకునేది? అయితే ఊపిరి తీసుకోకుండానే పాట మొత్తం పాడాలి. ఈ మాట ఆవిడ బుర్రలో పుట్టడమూ నోట్లోంచి రావడమూ ఒకేసారి జరిగాయి.

"ఆఖరి ఆటకు పాట మొత్తం ఒకే ఊపిరిలో పాడతాను. స్వరం, రెండు చరణాలు, అన్నీ. అచ్చేయించి గోడల మీద అంటించండి."

గాస్పరే నోరు తెరిచాడు. "ఒకటిన్నర నిమిషం పడుతుందమ్మా! చస్తావు!"

"చస్తే మీకింకా మంచిది, పైనెల దాకా చెప్పుకుంటారు."

ఒకే ఊపిరిలో అది ఎవరివల్లా కాదు, ఆవిడవల్లా కాదు. ఆ సంగతి ఆవిడకు బాగా తెలుసు. గాయకులకు దొంగ ఊపిరి అని ఒకటుంది. పదంలో పెదవులు మూసుకునే అక్షరం వస్తుంది చూడండి, ప అనో బ అనో, ఆ మూసి తెరిచే సందులో ముక్కుతో చిటికెడు గాలి లాగేస్తారు. భుజం కదలదు, రొమ్ము లేవదు, స్వరం తెగినట్టు చెవికి తెలియదు. గాలి వెళ్ళేది వీపు చివరికి, నడుము పైన, రవిక లేసులు బిగించే చోటికి. ఈ దొంగతనం అందరూ నేర్చుకుంటారు. అస్సుంతా అంత శుభ్రంగా చేసేవాళ్ళు లేరు. ఒకరి దొంగ ఊపిరి మరొకరు బయటపెట్టకూడదన్నది కూడా ఆ వృత్తిలో అందరూ పాటించే మర్యాద. అది తప్పినవాళ్ళ పక్కన కూర్చుని పులుసు కూడా తినరు.

కాగితాలు అంటించిన రోజే పేచీ వచ్చింది. రిహార్సలు జరుగుతుండగా ఫుల్జెన్సియో దొర నేరుగా రంగం మీదికే వచ్చేశాడు.

"ఇంత పందెం కాస్తున్నాం, మధ్యలో ఇది గాలి మింగితే మాకెలా తెలుస్తుంది? పక్కన ఒక మనిషి నిలబడాలి. చెయ్యి ఒంటి మీద పెట్టి చూడాలి. మా డాక్టరున్నాడు."

"మీ డాక్టరుకు ఆడదాని ఒంటి మీద చెయ్యి పెట్టడానికి పందెం కూడా కావాలా దొరా?" అంది క్లెలియా, కుర్చీలో కాళ్ళు చాపుకుని విసురుకుంటూ. వాద్యాలవాళ్ళు గొల్లుమన్నారు.

డాక్టరైతే అస్సుంతాకు పండగే. వాడు రొమ్ము మీద కళ్ళు పెట్టి అక్కడే ఉండిపోతాడు. వీపు చివర ఏం జరుగుతోందో వాడి తాతకు కూడా తెలియదు. ఊఁ అంటే సరిపోయేది. అక్కడే ఆవిడ బుద్ధి గడ్డి తింది. అంత గొప్పగా పాడబోతోంది, పక్కన నిలబడేవాడు ఒక మొద్దా? హాలు హాలంతా గడియారం చూస్తుంటుంది, ఆ దిగుడు వచ్చినప్పుడు అదేమిటో తెలిసిన చెవి ఒక్కటైనా దగ్గర ఉండొద్దా? ఆ చెవి ఈ ఊళ్ళో ఒకరికే ఉంది. ఆ గడప దగ్గర పదేళ్ళుగా తట్టుకుంటున్న మనిషికి కాక దాని విలువ ఇంకెవరికి తెలుస్తుంది!

"డాక్టరు వద్దు. క్లెలియా చెయ్యి పెడుతుంది," అంది అస్సుంతా.

క్లెలియా విసనకర్ర ఆపింది. "నేనా? ఆ టైములో నేను బట్టలు మార్చుకోవాలి అక్కా."

"ఒక్కరోజుకు మార్చుకోకు."

"ఆలోచించుకో. నాకు తెలుసుగా ఎక్కడ పెట్టాలో."

"తెలుసు కాబట్టే నిన్ను అడుగుతున్నా."

క్లెలియా మళ్ళీ విసురుకోవడం మొదలుపెట్టి, "సరే, నీ ఇష్టం," అంది. దొర కూడా సరేనన్నాడు. పెద్ద గాయని సాక్ష్యమంటే పందేనికి ఇంకా గౌరవం.

ఆఖరి ఆట రోజు హాల్లో నిలబడడానికి చోటు లేదు. అంకోనా నుంచి బళ్ళు కట్టుకుని వచ్చారు. సొర్బెత్తో అమ్మేవాడు రెండో అంకానికి ముందే అన్నీ అమ్మేసి ఖాళీ బుట్టతో మెట్ల మీద కూర్చున్నాడు. అస్సుంతా రంగం మీదికి వచ్చింది. వెనకే క్లెలియా రాణి వేషంలో వచ్చి, ఆవిడ వీపు చివర లేసుల మీద అరచెయ్యి ఆనించింది. చెయ్యి వెచ్చగా ఉంది. దొర గడియారం పైకెత్తాడు.

స్వరం సన్నగా మొదలైంది. అస్సుంతా ఈసారి దాన్ని ఎక్కువ పెంచలేదు, ఉన్న గాలిని పొదుపుగా వాడుకుంది. పాతిక సెకన్ల తర్వాత ఆపకుండా మొదటి చరణంలోకి జారింది. హాలు బిగుసుకుపోయింది. మొదటి చరణంలో ఒకటి లాగింది, చివర మరొకటి. వీపు మీద చెయ్యి కదల్లేదు. బాగుంది, మా పిల్లే, అనుకుంది మనసులో. బాక్సుల్లో తెల్లగా ముఖాలు, తెరుచుకున్న నోళ్ళు. ఎవరూ తినడం లేదు. ఎవరూ మాట్లాడడం లేదు. రెండో చరణం మాటలు తన నోట్లోంచి వెళ్ళి పై వరస దాకా చేరడం ఆవిడకు తెలుస్తోంది. ఒళ్ళంతా ఆనందంతో వణికింది, గొంతు మాత్రం వణకలేదు.

దిగుడు వచ్చింది. పై గదిలో మొదలుపెట్టి స్వరం మీద స్వరం పేర్చుకుంటూ కిందికి వచ్చింది. ఇన్నేళ్ళూ కిటికీ మూసుకుని చేసినదానికంటే బాగా వచ్చింది. మూడో ఊపిరి ఎక్కడ దొంగిలించిందో తెలుసా? సరిగ్గా ఆ గడప మీద. ఊపిరీ, అతుకూ రెండూ ఒకదాని వెనక ఒకటి దాక్కున్నాయి, రెండూ మాయమైపోయాయి. ఇలాంటిది ఎవరైనా చేశారని నేను వినలేదు, ఇకముందు వింటానని ఆశ లేదు. కింది గదిలోకి దిగి, చివరి మాట దగ్గర నాలుగోది చిటికెడు లాగి, పాట ముగించి, నోరు మూసుకుంది.

చివరిదాకా నిశ్శబ్దమే. ఆవిడ కోరుకున్నట్టే చివరి స్వరం కూడా వెనక గోడ దాకా వెళ్ళింది. అస్సుంతా చేతులు జోడించుకుని నిలబడింది, చప్పట్ల కోసం.

"తొంభై ఏడు సెకన్లు!" అని దొర అరిచాడు. "క్లెలియా! చెప్పు! తీసుకుందా లేదా?"

వెయ్యిమంది ముఖాలు ఒక్కసారిగా అస్సుంతా మీదినుంచి పక్కకు తిరిగాయి. క్లెలియా చెయ్యి వీపు మీదినుంచి తీసింది. అందరికీ కనపడేలా పైకెత్తి నాలుగు వేళ్ళు చూపించింది.

హాలు పేలిపోయింది. ఆవిడ మీద పందెం కాసి ఓడినవాళ్ళు ఒప్పుకోలేదు, ఎక్కడెక్కడో చూపించమన్నారు. క్లెలియా ముందుకు వచ్చి చూపించింది. ఆ ముక్కలు ఒక్కొక్కటీ పాడుతూ, ఊపిరి దగ్గర చేప నోరు తెరిచినట్టు గుటుక్కుమని గాలి మింగింది. జనం కడుపు పట్టుకుని నవ్వారు. దిగుడు కూడా పాడింది. గడప దగ్గర ఎప్పటిలాగే బండి మోరీ దాటింది. ఎవరికీ తెలియలేదు. "మళ్ళీ! మళ్ళీ!" అని కేకలు. పక్కన అస్సుంతా ఇంకా అలాగే నిలబడి ఉంది. "దొంగ తిత్తీ!" అని పైనుంచి ఎవడో విసిరిన చెర్రీ సొర్బెత్తో ఆవిడ మెడ మీద పడి, చల్లగా రవికలోకి జారింది.

తెర వెనక గాస్పరే గబగబా నడుస్తూనే మాట్లాడాడు. "ఏం మనిషివమ్మా నువ్వు! దాన్ని ఎందుకు నిలబెట్టుకున్నావు? డాక్టరు తాగి ఉన్నాడు, ఒట్టు! ఇప్పుడు నీ పేరు చెబితే ఏ తిరునాళ్ళవాడైనా మొహాన తలుపేస్తాడు. స్వరానికి కూడా ఇక పిలవరు." ఆ మాటంటూనే క్లెలియా కోసం తెచ్చిన పూలు సర్దుకుని వెళ్ళిపోయాడు.

అస్సుంతా తన గదిలో స్టూలు మీద కూర్చుంది. మెడ మీది ఎర్రటి మరక తుడుచుకోలేదు. చాలాసేపటికి క్లెలియా వచ్చింది, రాణి కిరీటం చంకలో పెట్టుకుని. ముఖంలో కక్ష లేదు, విజయమూ లేదు. ఆకలేస్తున్న మనిషి ముఖం, అంతే.

"ఒక్కదానివే కూర్చున్నావేంటి? లే, లేసులు విప్పుతా. కోపం వచ్చిందా? వాళ్ళు అడిగారు, చెప్పా. మాటిచ్చాక అబద్ధం ఎలా చెప్పను? చెయ్యి పెట్టమన్నది నువ్వే కదక్కా."

"అది పోనీలే."

"మరింకేంటి?"

తొంభై ఏడు సెకన్లు పాడిన గొంతుకు ఈ నాలుగు ముక్కలు అడగడం కష్టమైంది. "దిగుడు ఎలా ఉంది?"

"ఏ దిగుడు?"

"రెండో చరణంలో. పైనుంచి కిందికి వచ్చానే. నువ్వు దగ్గరే ఉన్నావుగా. గడప తెలిసిందా?"

క్లెలియా నుదురు చిట్లించింది. నిజంగానే గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించింది, అందులో నటనేం లేదు.

"ఓ, అదా! మూడోది అక్కడే తీసుకున్నావు కదూ? దాన్ని పట్టుకోడానికి నా ప్రాణం పోయింది తెలుసా! వేళ్ళకు ఇంతే తగిలింది, ఇంత. రెండా మూడా అని లెక్క తప్పుతుందేమోనని భయమేసింది. అందుకని పాట వినలేదక్కా, చెయ్యే చూసుకుంటూ ఉన్నా."

అస్సుంతా లేచి వీపు తిప్పి నిలబడింది. క్లెలియా పళ్ళతో ముడి లాగి లేసులు వదులు చెయ్యడం మొదలుపెట్టింది.